జర్మనీ బండి వెనక సీటు

మా అక్క మొగుడి జర్మనీ బండిని నేను ఒక్కసారే ఎక్కాను. చిత్తూరు నుంచి కాణిపాకం దాకా. అదీ ప్రమాణం చేయడానికి.

మద్రాసులో ఉద్యోగం ముగించుకొని తన దేశం వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర బావ ఆ మోటారు సైకిలు కొన్నాడు. అప్పట్లో మాకు పెద్ద బండి అంటే బుల్లెట్టే. దీని పక్కన బుల్లెట్టు కూడా సైకిల్లా కనిపించేది. ఇంజను రెండు పక్కలకూ ఎద్దు కొమ్ముల్లా పొడుచుకొని ఉండేది. ముందు గాలిని ఆపే అద్దం, వెనక రెండు వైపులా తాళం వేసుకునే పెట్టెలు, వెడల్పాటి తోలు సీటు. రోజంతా నడిపినా నడుము నొయ్యదని బావ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

కన్యాకుమారి దాకా పోదామన్నది ఆయనే.

"నీకు అరవం వస్తాది గదబ్బా, దారి అడిగేదానికి నువ్వుండాల. ఎనక సీటు నీదే" అన్నాడు.

ఆ మాట నమ్మి తాలూకాఫీసులో సెలవు అడిగాను. ఖాకీ గుడ్డతో కోటు కుట్టించుకున్నాను. ప్రతి ఆదివారం వాళ్ల వసారాలో బండి మీద దుప్పటి తీసి, తుడిచి, మళ్లీ కప్పి వచ్చేవాణ్ణి. ఎవరూ చెయ్యమనలేదు. వెనక సీటు నాదే కదా అని చేశాను.

ఇక బయల్దేరతామనగా ట్యాంకు మీద గీత కనబడింది. నల్లరంగు లేచిపోయి ఇనుము కనిపించేంత గీత.

"ఈ బండిని ముట్టేది నువ్వు దప్ప ఇంకెవురుండారు?" అన్నాడు బావ.

"నేను గీకలేదు బావా."

"అయితే ఆ మాట కాణిపాకంలో చెప్పు."

మా జిల్లాలో ఆ మాట తర్వాత ఇంక వాదన ఉండదు. వినాయకుడి ముందు అబద్ధం చెప్పడానికి దొంగలు కూడా భయపడతారు. గొర్రెలు పోయినా, పొలం గట్టు జరిగినా అక్కడికే తీసుకుపోతారు. ఒక గీత కోసం బామ్మర్దిని తీసుకుపోయింది మాత్రం మా బావ ఒక్కడే.

"పోయి చెప్పేసి రారా, ఆయన మనసు కుదుటపడతాది" అంది అక్క. నా మనసు సంగతి ఆమె అడగలేదు.

బండి ఎంత మెత్తగా పోయిందో చెప్పడం నాకిప్పటికీ ఇష్టం లేదు. మెత్తగానే పోయింది.

ఆచారం ప్రకారం కోనేట్లో తలారా మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి, నేను గీకలేదని ప్రమాణం చేశాను. మార్చుకోవడానికి బట్టలు తెచ్చుకోలేదు; బండి మీద ఇంటికి పోవడానికి ఎంతసేపు పడుతుంది అనుకున్నాను. బయటికి వచ్చి సీటు మీద చెయ్యి వేయగానే బావ అడ్డుకున్నాడు.

"తడి గుడ్డల్తో యాడ కూసుంటావు? తోలు పాడైపోతాది. బస్సుకు రా."

కాణిపాకంలో తడిబట్టలతో బస్సెక్కేవాడు ఎందుకలా ఉన్నాడో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక పెద్దాయన నీళ్లు అంటకుండా పక్కకు జరుగుతూ, "వాళ్లది ఏం పోయిందప్పా?" అని అడిగాడు.

బావ ఆ వెనక సీటు మీద బజారు వీధి బట్టలంగడాయన్ని ఎక్కించుకొని కన్యాకుమారికి పోయాడు. ఆయనకు అరవం ఒక్క ముక్క రాదు.

"ప్రమాణం దాకా పోయినాక ఒగే బండి మీద ఎట్ల పోతార్రా? మొగాలు సూసుకునేదానికి బాగుండదు" అంది అక్క.

వాళ్లు తిరిగొచ్చాక ఆమే ఇంకో సంగతి చెప్పింది. గీత కనబడక ముందు ఒకరోజు వాళ్లింటికొచ్చి, బావ లోపల కాఫీ తాగుతున్నప్పుడు బట్టలంగడాయన ముచ్చటపడి బండెక్కి చూశాడట. ఆయన బెల్టు బిళ్ల గీసుకుందట. మదురైలో టిఫిన్ తింటూ ఒప్పుకున్నాడట.

"ఇద్దురూ ఒగటే నవ్వంట" అని అక్క కూడా నవ్వింది.

ఆయన్ని ఎవరూ కాణిపాకం తీసుకుపోలేదు. బావ నా దగ్గర ఆ ఊసే ఎత్తలేదు.

కొన్నేళ్లకు, రిపేరుకు సామాన్లు దొరక్క బండి అమ్మేసే ముందు, బావ మా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు.

"రాబ్బా, పలమనేరు దాకా పోయొద్దాం. మళ్లీ ఈ బండి ఉండదు. కూసో ఎనక."

నేను గడప దిగలేదు.

"నా గుడ్డలింకా ఆరలేదు బావా" అన్నాను.

ఆయన తలెత్తి మిద్దె మీద దండెం వైపు చూశాడు.

"దానికేముండాది, ఇంకో సొక్కా ఏసుకోని రా" అన్నాడు.

నేను తలుపు వేసుకున్నాను.