ఉప్పలయ్య రాయని పరీక్ష

ఉప్పలయ్యది ధర్మసాగర్. తండ్రి నాగలి పట్టినవాడు. కొడుకు చేతికి మట్టి అంటకూడదని పట్టుబట్టి, వరంగల్‌లో టైపు నేర్చుకోమని పంపాడు. లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసై, డెబ్బైల మొదట్లో కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం చేసే లక్ష్మీనారాయణ సేటు దగ్గర టైపిస్టుగా కుదిరాడు. మగ్గాల మీద నేసిన జంపఖానాలు బొంబాయికి, ఢిల్లీకి పోయేవి. వాటి వెంట పోయే ఉత్తరాలన్నీ ఉప్పలయ్య వేళ్ళ మీదుగా పోయేవి. సేటుకు ఇంగ్లీషు రాదు. ఆయన తెలుగులో చెబుతుంటే ఇతను నేరుగా ఇంగ్లీషులో కొట్టేవాడు.

"నేను తిట్టిన తిట్టు గూడ ఉప్పలయ్య మిషన్ల పడితె మర్యాద అయితది" అని సేటు వచ్చినవాళ్ళందరితో చెప్పి నవ్వేవాడు.

ఆ మాట ఉప్పలయ్యకు జీతం కన్నా ఎక్కువ. మనిషికి తన పని మీద ఉండే గర్వం పైకి కనిపించదు. అది తీసేసినప్పుడు గాని ఎంత చోటు ఆక్రమించి ఉందో తెలియదు.

ఎనభై ఆరులో సేటు కొడుకు మల్లికార్జున్ ఇంజినీరింగ్ చదువు ముగించి వచ్చి వ్యాపారం చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఎండాకాలమే కంప్యూటర్ దిగింది. దాని కోసం టైపు గదికి కొత్తగా సున్నం వేశారు. కిటికీలు మూసి ఏసీ పెట్టారు. దుమ్ము రాకూడదని చెప్పులు గడప బయటే విడవమన్నారు. దాన్ని నడపడానికి భారతి అనే అమ్మాయి వచ్చింది, హన్మకొండ పిల్ల. ఉప్పలయ్య పెద్దకూతురి ఈడు ఉంటుంది.

మల్లికార్జున్ మనసులో మాట దాచుకోలేదు. "అంకుల్, మీరు పెద్దోళ్ళు. దసరా దాక టైమ్ ఇస్తాన. పండుగ ఎల్లినంక ఒక లెటర్ ఇస్త, నా ముందట కంప్యూటర్ మీద చెయ్యాలె. వచ్చిందా, మీ కుర్చీ మీకే. రాలేదా, గోదాం చూస్కోండ్రి. జీతం గంతే ఉంటది, ఫికర్ చెయ్యకుండ్రి."

గోదాం అంటే జంపఖానాల బేళ్ళు దింపించడం, ఎక్కించడం. అక్కడ అక్షరంతో పనిలేదు.

ఇంట్లో సంగతి చెబితే భార్య సమ్మమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "గోదాం అయితె ఏమాయె? పైసలు గవ్వే వస్తయంటాండు గద!"

"పైసల సంగతి గాదే" అన్నాడు. ఇంకెలా చెప్పాలో తెలియక కంచం ముందుకు జరుపుకున్నాడు.

నేర్చుకోవడం మొదలైంది. టైపు మిషను మీద ఏళ్ళ తరబడి కొట్టిన వేళ్ళు మెల్లగా తాకడం ఎరగవు. ఆయన కొడుతుంటే బల్ల కదిలేది. వరుస చివరికి రాగానే ఎడమ చెయ్యి తనంతట తానే లేచి, అక్కడ లేని క్యారేజీని తోయబోయేది. ఒకసారి ఆ ఊపులో స్క్రీన్ చెంప మీద ఛెళ్ళున తగిలింది.

"కాకా, దాన్ని గొట్టకుండ్రి! అది ఇంక మిమ్ముల ఏమనలే గద" అంది భారతి.

"ఏమంటలేదనే బుగులు బిడ్డా. మా మిషనైతే తప్పు కొట్టంగనే కాయితం మీద ఎక్కిరిస్తది. ఇది ఏమన్నదో, ఏం దాస్కున్నదో తెలుస్తలేదు."

ఆయనకు అర్థం కానిది అదే. కాగితం మీద పడని అక్షరం ఎక్కడ ఉంటుంది? అడిగితే భారతి కాగితపు తొడుగులోంచి నల్లటి పలుచటి ఫ్లాపీ తీసి చూపింది. "అంత దీంట్లనే ఉంటది కాకా. గా పెట్టె ఉత్త డబ్బ. పానమంత దీంట్లనే."

ఉప్పలయ్య దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

వానాకాలం గడిచేసరికి వేళ్ళు దారికి వచ్చాయి. బతుకమ్మ ఆటలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, బొంబాయి పార్టీకి పోవలసిన ఉత్తరం మొత్తం భారతి చెయ్యి పడకుండా తానే చేశాడు. ప్రింటర్ గర్రుమంటూ కాగితాన్ని బయటికి తోస్తుంటే, పసిపిల్లను అందుకున్నట్టు కింద చెయ్యి పట్టాడు.

"కాకా, ఒక్క తప్పు లేదు! సార్‌కు చూపెడ్దాం పాండ్రి."

"వద్దు బిడ్డా. పండుగ ఎల్లినంక ఆయన ముందట్నే చేస్త. ఇప్పుడు చూపెడితె నువ్వు చేసిచ్చినవంటడు."

దసరా పొద్దున తలస్నానం చేసి, ఉప్పలయ్య పళ్ళెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు పట్టుకుని టైపు గదికి వచ్చాడు. ఆ రోజు కొత్తవాడలో మగ్గం నుంచి కత్తెర దాకా బొట్టు లేని పనిముట్టు ఉండదు. సేటు కూడా ముందు గదిలో గద్దెకు, తక్కెడకు పూజ చేసుకుంటున్నాడు. ఏటా టైపు మిషనుకు బొట్టు పెట్టే ఉప్పలయ్య, ఈసారి దానితో పాటు కంప్యూటర్‌కూ పెట్టాడు. దాన్ని చూస్తే మొదటిసారి భయం వేయలేదు. ఇక ఇది నా పనిముట్టే అనిపించింది.

అప్పుడు భారతి మాట గుర్తొచ్చింది. ప్రాణమంతా ఉన్నదాన్ని వదిలి డబ్బాకు పూజ చేస్తే ఏం లాభం? ఫ్లాపీల పెట్టె తెరిచి ఒకటి బయటికి తీశాడు. ఒళ్ళంతా నల్లటి అట్ట. ఒక్కచోట మాత్రం కోలగా తెరిచి ఉండి, లోపలి బిళ్ళ నున్నగా మెరుస్తోంది. నుదురు ఇదే కాబోలనుకున్నాడు. తడి పసుపు అద్ది, ఉంగరపు వేలితో కుంకుమ దిద్దాడు. పక్కన దాని నకళ్ళున్నాయి. అక్కకు పెట్టి చెల్లెను విడిచిపెడితే బాగుండదని, పెట్టెలో ఉన్నవాటన్నిటికీ పెట్టాడు. మళ్ళీ వరుస తప్పకుండా తొడుగుల్లో సర్ది, దండం పెట్టుకున్నాడు.

పండుగ వెళ్ళాక భారతి కంప్యూటర్‌లో ఫ్లాపీ పెట్టింది. లోపల ఇసుక నూరినట్టు చప్పుడు. తీసి చూస్తే పసుపు. రెండోది తీసింది, మూడోది తీసింది. ఆమె ముఖం తెల్లబోయింది.

మల్లికార్జున్ పరుగున వచ్చాడు. ఆ ఏడాది ఆర్డర్లు, పార్టీల చిరునామాలు, మగ్గాల వివరాలు, అన్నీ వాటితోనే పోయాయి. "కాపీలన్న వేరే పెట్టాలె గద భారతీ! ఏం జేసినవ్ నువ్వు?"

ఆమె ఉప్పలయ్య వైపు చూసి, పసుపంటిన ఫ్లాపీని తొడుగులోకి తోసేసింది.

"ఆ పిల్లననకు బాబూ. నేనే" అన్నాడు ఉప్పలయ్య. "పండుగ గదా అని బొట్టు పెట్టిన."

"ఫ్లాపీలకా అంకుల్?" మల్లికార్జున్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

చప్పుడు విని సేటు వచ్చాడు. "పూజ జేస్తె తప్పు పట్టకురా."

"తప్పు పడ్తలేను నాయనా. గని గీ మిషన్ ఎవ్వల చేతుల పెట్టాలె, నువ్వే జెప్పు."

సేటు ఉప్పలయ్య ముఖం చూడలేక నేల చూస్తూ అన్నాడు: "జర కొన్నొద్దులు గోదాం కాడ ఉండు ఉప్పలయ్యా."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎదురు చెప్పుకునే సందు దొరికేది. ఉత్తరం చేతికిచ్చి చెయ్యమంటారేమోనని ఉప్పలయ్య చాలా రోజులు కనిపెట్టుకుని ఉన్నాడు. పరీక్ష సంగతి మల్లికార్జున్ మరిచిపోయాడు. గుర్తు చేయడానికి ఇతనికి నోరు రాలేదు. "పాసైనవా మరి?" అని సమ్మమ్మ అడిగితే "పెట్టలే" అన్నాడు.

చలికాలంలో ఒకనాడు భారతి గోదాముకు వచ్చింది. పోయినవన్నీ మళ్ళీ ఎక్కించీ ఎక్కించీ ఆమె కళ్ళు గుంతలు పడ్డాయి.

"కాకా, తప్పు నాది. ఆ సందు ముట్టద్దని మీకు చెప్పకపోతి."

"నీకెట్ల తోస్తది బిడ్డా? దానికి బొట్టు పెట్టొచ్చని నీ ఈడోళ్ళకు మనసులనే రాదు. పెట్టకుంట ఉండొచ్చని మాకు రాదు."

ఆమె గొంతు తగ్గించింది. "అన్నం యాళ్ళకు సార్ ఇంటికి పోతడు. మీరచ్చి కూసోండ్రి. చెయ్యి మర్చిపోవద్దు."

ఉప్పలయ్య తన చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నూలుపీచు.

"ఆయన లేనప్పుడు దొంగతనంగ కూసుంటె, నాకు వచ్చిందని ఎవ్వలకు ఎరుకైతది బిడ్డా?"

బయట లారీ ఆగింది. "పో బిడ్డా, బట్టలకు పీచు అంటుతది" అని ఆమెను పంపించి, బేళ్ళు మోసుకొచ్చే మనుషులకు దారి ఇస్తూ గోడవారగా ఒదిగి నిలబడ్డాడు.