ఎత్తి చూసి కొన్న బ్యాటరీ

మొన్న సాయంత్రం జనగామలో మా వీధి మీదుగా ఒక పెళ్ళి ఊరేగింపు పోయింది. ముందొక ట్రాలీ ఆటో, దాని మీద మనిషెత్తు సౌండు బాక్సులు, చుట్టూ రంగురంగుల లైట్లు. దరువు పడ్డప్పుడల్లా ఆ బండి హెడ్‌లైట్లు మసకబారి మళ్ళీ వెలుగుతుంటే, అదేదో కావాలని పెట్టిన సోకనుకుని పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నేను మాత్రం మెట్ల మీద నిలబడి పళ్ళు నూరుకున్నాను. అది సోకు కాదు, బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చాలక బ్యాటరీ పడుతున్న అవస్థ. నా వయసు ఆడవాళ్ళకు ఊరేగింపు చూస్తే తమ పెళ్ళి గుర్తుకొస్తుందేమో గాని, నాకు మా మరిది జీపు గుర్తొస్తుంది, అది గుర్తొచ్చిన పూట ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేను.

మా అత్తవారిది బ్యాటరీల దుకాణం. నేను మానుకోట పిల్లను, ఇప్పుడందరూ మహబూబాబాద్ అంటున్న ఊరే అది. కోడలిగా వచ్చిన కొన్నేళ్ళకు మామగారికి మోకాళ్ళ నొప్పులు ముదరడంతో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం నా వంతైంది. మావారు దుకాణం ముందు బండ్లకు వైరింగు చేసేవారు, మరిది వెనుక ఖాళీ స్థలంలో పాత ఇంజన్లు విప్పుతూ బిగిస్తూ ఉండేవాడు, మామగారు కుర్చీలో కూర్చుని ముగ్గురి పనికీ వంకలు పెట్టేవారు.

మా దుకాణంలో బ్యాటరీ ఎంచుకునే పద్ధతి ఒకటుండేది. నర్మెట్ట నుంచో దేవరుప్పుల నుంచో వచ్చిన రైతును మామగారు బ్యాటరీ ముందు నిలబెట్టి, రెండు చేతులతో దాన్ని ఎత్తించేవారు. "ఎత్తి సూడు పటేలా, బరువుల్నే ఉంటది బలం" అనేవారు. నడుము ఎంత నొప్పి పెడితే అంత మంచి బ్యాటరీ అన్నమాట! ఎత్తి దించిన మనిషి మొహంలో ఒక తృప్తి కనిపించేది, ఇక ధర గురించి కూడా పెద్దగా బేరమాడేవాడు కాదు. ఆ తర్వాత బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఇచ్చేవాళ్ళం. ట్రాక్టరు వాళ్ళకు ఈ పద్ధతిలో పెద్ద తప్పు లేదు, ట్రాక్టరుకు పెద్ద బ్యాటరీయే కావాలి. కాని జిల్లా జిల్లా అంతా ఏ బండికైనా అదే మందని నమ్మేసింది. హారన్ సరిగా మోగడం లేదంటే పెద్ద బ్యాటరీ, లైట్లు ఎక్కువ బిగించుకున్నారంటే పెద్ద బ్యాటరీ. బ్యాటరీ కరెంటును దాచిపెట్టేదే గాని పుట్టించేది కాదని, ఇంజను తిరుగుతుంటే బెల్టు మీద తిరిగే ఆల్టర్నేటరే కరెంటు పుట్టించి అందులో నింపాలని మావారు చెప్పి చెప్పి అలసిపోయారు. ఇంట్లో కాగు పెద్దది పెట్టినంత మాత్రాన బోరులో నీళ్ళు పెరగవు గదా!

ఇక మా మరిది సంగతి. అతనికి బండ్ల పిచ్చి. వేలంలో ఒక పాత పెట్రోలు జీపు కొనుక్కొచ్చి, దాని టాపు కోసేసి, ఎత్తు పెంచి, వెడల్పు టైర్లు వేసి, దాదాపు కొత్త జన్మనిచ్చాడు. కాటారం అవతల అడవి అంచున ఎవరిదో పెద్ద బీడులో కొందరు ఔత్సాహికులు బురదలో జీపుల పందెం పెడుతున్నారని విని, అందులో దిగాలని అతని ఆశ. మామగారికి ఇదంతా పనికిమాలిన పనే. కాని కొడుకు పట్టు చూసి ఒకరోజు అందరి ముందూ మాటిచ్చారు: ఈ పందెంలో పేరు తెచ్చుకుంటే వెనుక స్థలంలో షెడ్డు వేసుకుని బండ్లు తయారుచేసే పనే పెట్టుకోవచ్చు, లేకపోతే ఆ పిచ్చి వదిలి దుకాణంలో కూర్చోవాలి. కాబట్టి అది మా మరిదికి వట్టి ఆట కాదు, బతుకంతా ఏ పని చేస్తాడన్నది ఆ ఒక్క మధ్యాహ్నంలో తేలాలి.

ఆ జీపుకు బ్యాటరీ, ఆల్టర్నేటర్ ఎంచుకోవడానికి అతను పడిన ఆలోచన పెళ్ళి సంబంధానికి కూడా ఎవరూ పడరు. పందెంలో పాటలుండవు, లైట్లుండవు. ఇంజను ఒక్కసారి లేస్తే చాలు, ఆ తర్వాత ప్లగ్గులకు కొద్దిపాటి కరెంటు అందితే అదే ఎక్కువ. పెద్ద ఆల్టర్నేటర్ పెడితే దాన్ని తిప్పడానికి ఇంజను తన బలంలో కొంత ఖర్చు పెట్టాలి. అందుకని చిన్న కారుది ఒక ఆల్టర్నేటర్ తెచ్చి, వాగు దాటేటప్పుడు నీళ్ళు తగలకుండా పైకి బిగించాడు. బ్యాటరీ కూడా అంతే, చంకలో పెట్టుకుని పోగలిగినంత చిన్నది. మామగారు దాన్ని ఒక్క చేత్తో ఎత్తి చూసి, తనకేదో అవమానం జరిగినట్టు మొహం పెట్టారు.

"ఏందిరా గిది, ఆటబొమ్మకు ఏస్తున్నవా? నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"బాపూ, పందెంల బండి ఉరకాలె గని బరువు మొయ్యొద్దు."

అంతటితో తండ్రీ కొడుకుల మాట తెగిపోయింది.

అవి తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డెక్కిన రోజులు. సమ్మెలో బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, మా దుకాణం కూడా సగం షట్టరు దించే ఉండేది. సినిమాల్లో మన మాటను వెక్కిరిస్తే నవ్వి ఊరుకున్న మా మామగారు కూడా ఆ రోజుల్లో కుర్చీ రోడ్డు మీద వేసుకుని కూర్చున్నారు. మానుకోటలో మా అన్న ఉద్యమంలో తలమునకలుగా ఉండేవాడు. ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, దేవరుప్పుల వైపు ఊళ్ళలో ఒక్కరోజు పాటల ప్రచారానికి మరిది జీపు కావాలన్నాడు. టాపు లేదు గనుక గాయకులు నిలబడి పాడవచ్చు, బురదలోనైనా పోతుంది, అంతకంటే తగిన బండి ఎక్కడ దొరుకుతుంది? కాని ఆ మర్నాడే కాటారంలో పందెం, పైగా ఆ పందెం రోజే రాస్తారోకో. ఆ సంగతి తెలిసిన మిగతా పోటీదారులు ముందురోజే బయలుదేరి పోతున్నారు. అన్నకు ఆ మాట చెప్తే నవ్వేశాడు.

"మన జెండ ఉన్న బండిని ఎవ్వడాపుతడు చెల్లె? పొద్దుమూకెవరకు బండి తెచ్చి నీ వాకిట్ల నిలవెడత."

మరిది కాదనలేదు. ఆ రోజుల్లో కాదనడమంటే ఇంటికి చుట్టం వస్తే తలుపు వేసుకున్నట్టే, అదీగాక అతనికీ రాష్ట్రం కావాలి. తనే బజారుకు పోయి జెండా తెచ్చి జీపు ముందు కట్టాడు. ఆంప్లిఫయరు, నాలుగు వైపులా మైకులు బిగించారు. అన్న చిన్న బ్యాటరీని ఒక్క చేత్తో ఎత్తి చూసి, ట్రాక్టరుది దించమన్నాడు. మామగారు ఉత్సాహంగా అన్నిటికంటే బరువైనది చూపించారు. ఇద్దరూ దాన్ని మార్చి మార్చి ఎత్తి మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

"అన్నా, గింత పెద్దది ఏస్తె దాన్ని నింపెదెవరు? ఆల్టర్నేటర్ గూడ పెద్దది మార్చుండ్రి" అన్నాను.

"ఒక్క దినానికి గంత కథెందుకు చెల్లె" అన్నాడు మా అన్న. ఆల్టర్నేటర్ మార్చాలంటే దాన్ని బిగించిన పట్టీ కోయాలని, మళ్ళీ పందేనికి అతికించే వ్యవధి లేదని మరిది కూడా నా మాట దాటవేశాడు. అన్నను మాత్రం పక్కకు తీసుకుపోయి, "బావా, మైకు మోగినంత సేపు ఇంజన్ బంద్ చెయ్యకు, గిదొక్కటి యాదికుంచుకో" అని బతిమాలి చెప్పాడు. తను పందెం సామాను కోసం మోటారు సైకిలు మీద వరంగల్ పోయాడు.

మా అన్న చెడ్డవాడు కాదు, కాని పాతకాలపు జీపులు నడిపిన చెయ్యి అది. ఊరు రాగానే ఇంజను ఆపేయడం, ఎప్పుడూ దిగుడున్న చోటే బండి పెట్టడం, పోయేటప్పుడు నలుగురు తోస్తే లేపుకుని పోవడం అతని అలవాటు. ఇంజను చప్పుడులో పాట వినబడదు, పెట్రోలు దండగ అని ప్రతి ఊళ్ళోనూ ఆపేశాడు. బ్యాటరీ పెద్దది గదా, ఆ ధైర్యంతో ఒక్కో ఊళ్ళో ఇంకో పాట, ఇంకో పాట అంటూ పాడించాడు. అది నిజంగానే చాలాసేపు మోసింది, అందుకే మోసపుచ్చింది కూడా. దేవరుప్పుల దాటాక చివరి ఊళ్ళో మైకు గొంతు సన్నబడి ఆగిపోయింది. ఊరంతా కలిసి దిగుట్లో జీపును తోశారట. పాత డైనమో బండి అయితే లేచేదే. ఆల్టర్నేటర్‌కు మాత్రం మొదట బ్యాటరీ నుంచి కాస్తయినా కరెంటు అందితేనే గాని చలనం రాదు. ఊళ్ళో ట్రాక్టర్లన్నీ మర్నాటి రాస్తారోకోకు జనాన్ని ఎక్కించుకుని ముందే పోయాయి, లాగడానికి గాని, ఇంకో బ్యాటరీ అడగడానికి గాని ఒక్క బండీ లేదు. మా బందును మేమే అంత బాగా జరుపుకున్నాం.

ఆ కబురు మాకు అర్ధరాత్రి దాటాక గాని అందలేదు. తెల్లవారుతూనే మావారు మోటారు సైకిలు తీశారు. వెనుక మరిది, ఒళ్ళో ఆ చిన్న బ్యాటరీ. దాన్ని బిగించగానే జీపు ఒక్క పెట్టున లేచిందట. మైకులు విప్పే తీరిక లేక అలాగే బయలుదేరాడు. దారిలో మా దుకాణం ముందు నుంచే పోవాలి గదా అని నేను పులిహోర డబ్బా పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. అతను ఆపలేదు, చెయ్యి మాత్రం ఊపాడు, ఆ మొహంలో ఎంత ఆశ ఉందో!

తర్వాత జరిగింది అతను నాకొక్కదానికే, అదీ ఒక్కసారే చెప్పాడు. జెండా చూసి దారి పొడుగునా అందరూ పక్కకు జరిగి దారిచ్చారు, మా అన్న అన్నట్టే. భూపాలపల్లిలో మాత్రం రోడ్డు మీద వేల మంది కూర్చుని ఉన్నారు, వాళ్ళ మైకు సెట్టు ఎక్కడో చిక్కుకుపోయి రాలేదు. జెండా, మైకులు, గాయకులు నిలబడే చోటు, అన్నీ ఉన్న జీపు దేవుడు పంపినట్టు ఎదురుగా వచ్చింది. "అన్నా, మనదే గద బండి, జరసేపు ఆపు" అంటూ చుట్టుముట్టి, అతను జవాబిచ్చే లోపే ఒక పెద్దాయన ఎక్కి మాట్లాడడం మొదలుపెట్టాడట. మరిది ఇంజను ఆపలేదు. కాని నిలబెట్టిన చోట మెల్లగా తిరిగే ఇంజనుతో ఆ చిన్న ఆల్టర్నేటర్ ఆంప్లిఫయరుకు సరిపడా కరెంటు ఎక్కడ ఇస్తుంది? పందేనికి ఎంతో లెక్కగా ఎంచిన బ్యాటరీ సభ మధ్యలో ఖాళీ అయింది, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. చివరికి ఒక గని కార్మికుడు ఇంటికి పోయి తన ఇన్వర్టరు బ్యాటరీ విప్పి తెచ్చి, తీగలు తగిలించి బండిని లేపించి, చేతులు పట్టుకుని దండం పెట్టి పంపాడట. కాటారం చేరేసరికి ఎర్ర బురదలో టైర్ల గాట్లు మిగిలాయి, నిర్వాహకులు తాళ్ళు చుట్టుకుంటున్నారు.

"పందెముందని గంత మందికి ఒక్క మాట చెప్పకపోతివా?" అని అడిగాను.

"ఎట్ల కాదంట వదినె? జెండ నేనే కట్టుకుంటిని గద" అన్నాడు.

ఆ సంగతి నేనే చెబితే మామగారు విన్నంతసేపు విని, తల ఊపి, "పెద్ద బ్యాటరీనే ఉంచుకుంటె గిట్ల అవునా" అన్నారు. ఆ మాటకు నేను చేతిలో గిన్నె నేలకేసి కొట్టాను, కోడలిగా ఆ ఇంట్లో నేను చేసిన పెద్ద రభస అదే. మరిది మాత్రం ఒప్పుకున్న మాట ప్రకారం మర్నాడు వచ్చి దుకాణంలో కూర్చున్నాడు. కాటారంలో మరుసటేడు పందెం జరగలేదు. జీపు ఎన్నో ఊరేగింపులకు పోయింది, రాష్ట్రం వచ్చిన రోజు దాని నిండా బంతిపూల దండలు వేశారు. ఆ రోజు నేనూ ఏడ్చాను, సంతోషంతోనే ఏడ్చాను, అందులో అబద్ధం లేదు.

ఇప్పుడు మామగారు లేరు. దుకాణంలో మూతలు తెరవని సీలు బ్యాటరీలు వస్తున్నాయి, కుర్రాళ్ళు ఫోనులో నంబరు చూసి ఇదే కావాలంటారు, ఎత్తి చూసేవాళ్ళు లేరు. మా మరిదికి జుట్టు నెరిసింది, గల్లాపెట్టె దగ్గర అతనే కూర్చుంటాడు. వెనుక స్థలంలో పాత బ్యాటరీలు పేర్చి ఉంటాయి. అక్కడ ఉండవలసిన షెడ్డు సంగతి ఎవరితో అని ఏం లాభం? ఉద్యమంలో పోయినవాటి గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా, ప్రాణాలే పోయాయి. వాటి పక్కన ఒక జీపు పందెం పోయిందంటే వినడానికే సిగ్గుగా ఉంటుంది. అందుకే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు.

మా అన్న ఇప్పటికీ పండక్కో పబ్బానికో వచ్చినప్పుడు ఆ రోజు కథ చెబుతాడు. ఊరూరా జనం ఎట్లా ఊగిపోయారో, ఆ ట్రాక్టరు బ్యాటరీ పొద్దంతా ఎన్ని పాటలు మోసిందో, చివర్లో ఊరంతా కలిసి జీపును ఎట్లా తోసిందో కళ్ళకు కట్టినట్టు చెబుతాడు, పిల్లలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటారు. ఆ కథలో పందెం ఉండదు. మా మరిది కూడా వాళ్ళ మధ్యనే కూర్చుని, నవ్వుతూ, చివరిదాకా వింటాడు.