నేల మీద మొదటి చెంచా

"దోర్నపాల్ ఐస్‌క్రీం తాత పోయిండే" అని అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నేను జగదల్‌పూర్ హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. తడి చున్నీ చేతిలోనే ఉండిపోయింది. చెబితే నవ్వుతారేమో, నాలుక మీద పాలగుండ ఐస్‌క్రీం చల్లదనం తగిలింది.

అడవిలో తవ్వి తెచ్చిన పాలగుండ దుంపల పిండితో పాలు చిక్కబరిచి, డబ్బాలో పోసి, కొయ్య బకెట్లో ఐసు, దొడ్డు ఉప్పు మధ్య దాన్ని పిడి పట్టి చేత్తో తిప్పేవాడాయన. పక్కన ఫ్రీజర్ల దుకాణాలు వచ్చినా ఆ పిడి ఆగలేదు. "అయిందా తాతా? అయిందా?" అని ప్రాణం తీసేదాన్ని.

"మంచుకే తొందర లేదు, నీకేందే?" అనేవాడు. మూత తీసి చూసేవాడు కాదు. పిడి బరువెక్కడమే ఆయనకు గుర్తు. ఒక్కసారీ తప్పలేదు. అది నాకు ఇప్పటికీ వింతే.

ఒక సంతరోజు జగర్గుండా వైపు నుంచి వచ్చిన ముసలమ్మ ఆకు దొప్ప అందుకుని, మొదటి చెంచా నేల మీద వేసింది. నేను పకపకా నవ్వి, తుడవబోయాను. తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"పారబోసుడు కాదే పిల్లా. పోయినోళ్లకు పెట్టింది. వాళ్లు తినకముందు ఈమె ఎట్ల తింటది?"

ఆమె దొప్పలో ఇంకో చెంచా వేసి, నేల మీది ముద్దను చూపించాడు. "గబుక్కున నీళ్లయితే తిప్పుడు చాలనట్టు. నిలిస్తే పోయినోళ్లు ఒప్పుకున్నట్టు."

ఆ ఇరుకు దుకాణంలో కనబడకుండా ఎంతమంది కూర్చుని తింటున్నారో అని కాళ్లు ముడుచుకున్నాను.

మొన్న వెళ్లాను. రెండు తలుపుల్లో ఒకటే తెరిచి ఉంది. తాత భార్య, మా అందరికీ అవ్వ, బకెట్ ముందు కూర్చుని పిడి తిప్పుతోంది. ఇన్నేళ్లూ పాలు కాచిందే గాని పిడి ముట్టలేదట.

"ఇయ్యాల కుదరకుంటే దుకాణం బందే బిడ్డా. ఆయన పేరు చెడగొట్టుడెందుకు?" అంది. దొప్ప చేతికిచ్చి నా నోటికేసే చూసింది. "ఎట్లుంది? చెప్పవేందే?"

"ఆగవ్వా. ముందు తాతను చెప్పనీ."

ఆయన పీట పక్కన మొదటి చెంచా వేశాను. అవ్వ చెయ్యి అలవాటుగా తుడుపు గుడ్డ మీదికి పోయి ఆగింది. ఇద్దరం వంగి చూశాం. బయట లారీలు పోతున్నాయి. ముద్ద నిలిచింది.

అవ్వ పైట చెంగుతో కళ్లొత్తుకుని, లేచి రెండో తలుపు తీసింది. నున్నటి సిమెంటు మీద, ఎండలో, తెల్లటి ముద్ద అంచులు ఇప్పుడిప్పుడే తడుస్తున్నాయి, ఏ తొందరా లేకుండా.