అద్దం ముందు పాడిన పాట

నా చిన్నప్పుడు నవ్వు పాటలు ఎక్కడుంటాయో నాకు తెలుసనుకునేదాన్ని. మా చిన్నమామ హార్మోనియం పెట్టెలో ఉంటాయని నా నమ్మకం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి దాని వెనక రంధ్రాలకు కన్ను ఆనించి చూశాను. చీకటి, కాస్త దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు. ఆ రోజు మామ వాటిని కంపెనీకి తీసుకుపోయి ఉంటాడనుకున్నాను.

అప్పట్లో మేము దూలపల్లిలో అమ్మ పుట్టింట్లో, అవ్వ దగ్గరే ఉండేవాళ్లం. చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, పగలు ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో పనిచేసేవాడు. లగ్గాల సీజన్లో ఒక ఆర్కెస్ట్రాతో వెళ్లి, సినిమా పాటల మధ్య తాను కట్టిన నవ్వు పాటలు పాడేవాడు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పెళ్లివాళ్లు ఆయన వస్తున్నాడా అని అడిగి మరీ పిలిపించుకునేవారు.

పాట ఎలా పుడుతుందో కనిపెట్టాలని ఆయన వెంట తిరిగేదాన్ని. తీరా చూస్తే ఆయన చేసేదల్లా వినడమే. బహదూర్‌పల్లి చౌరస్తాలో ఆటోవాళ్లు మనుషుల్ని పిలిచే తీరు, కూత వేసే ముందు మా కుక్కర్ పడే ఆయాసం, అవ్వ కోళ్లను తిట్టే వరస, అన్నీ వినేవాడు. అవ్వ తిట్లు ఒకచోట పైకి లేచి, ఇంకోచోట మెత్తగా దిగుతాయని ఆయన హార్మోనియం మీద వాయించి చూపేదాకా మాకెవరికీ తెలియదు.

ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరి మీద పాట కడితే ముందు వాళ్ల ఎదురుగా కూర్చుని పాడేవాడు. వాళ్లు వద్దన్న మాట తీసేశాకే స్టేజీ మీద పాడేవాడు. అవ్వ తన గురక మీది చరణం తీసేయించింది. "కోళ్ల సంగతి పాడుకో. గురక గిట్ట బయటవెడితివా, ఇగ నీకు అన్నం పెట్ట" అంది. ఎప్పుడడిగినా రేపిస్తాననే మా వీధి దర్జీ మాత్రం పాటంతా నిదానంగా విని, "మంచిగనే ఉంది తమ్మీ, మా షాపు ఏడుందో గది గూడ కలుపు" అన్నాడు. మామ కలిపాడు కూడా.

ఒక వేసవిలో శామీర్‌పేట దగ్గర జరిగిన పెళ్లిలో ఎవరూ నవ్వలేదు. మామ పాట ఎత్తుకోగానే వడ్డన మొదలైందట. జనమంతా లేచి అటు వెళ్లారు. మిగిలిన నలుగురిలో ఒకాయన, "గీ లొల్లి బంద్ జేసి సినిమా పాట పాడరాదు" అని అరిచాడట. మామ పాట సగంలో ఆపి దిగిపోయాడు. ఇంటికొచ్చి హార్మోనియం మీద అవ్వ పాత చీర కప్పి మంచం కిందికి తోశాడు. బహదూర్‌పల్లిలో ఒప్పుకున్న పెళ్లికి రానన్నాడు. అసలిక పాడనే పాడనన్నాడు.

ఇంటికి వచ్చినవాళ్లంతా "ఏందిరా, ఒక్క జోకన్న ఎయ్యవు?" అని అడిగేవారు. వాళ్లు అడిగేకొద్దీ ఆయన తలుపు ఇంకాస్త దగ్గరగా వేసుకునేవాడు. కంపెనీకి వెళ్లేవాడు, వచ్చేవాడు, పళ్లెంలో అన్నం సగం వదిలేసేవాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఆ పళ్లెం వైపే చూసేది. నేనైతే ఆయన ముందు కోతిలా గెంతాను. అవ్వ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "వాన్ని నవ్వమనకు, నవ్వియ్యమనకు. ఊకె పక్కన కూసో" అంది. నా ఒళ్లో చిక్కుడుకాయలు పోసింది. అలా కూర్చోవడం గెంతడం కన్నా కష్టమని ఆ రోజే తెలిసింది.

ఒక సాయంత్రం మామ నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని రైలు గేటు దాకా తీసుకెళ్లాడు. గేటు పడింది. ఆయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"ఏం ఇంటున్నవ్ మామా?"

"ఏం ఇంటలేను బిడ్డా. చెవులకు ఇయ్యాల సెలవు."

రైలు వెళ్లిపోయాక, నాతో చెబుతున్నాడో పట్టాలతో చెబుతున్నాడో తెలియకుండా, "వాళ్లకు ఆకలైంది, పోయిండ్రు. నాకేమో నన్నే వద్దన్నట్టయింది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ తినేవాళ్ల మీద పాట కట్టమన్నాను. ఆయన సైకిల్ ఇంటివైపు తిప్పుతూ, "వాళ్లేం జేసిండ్రు? కడితే నా మీదనే కట్టాలె" అన్నాడు.

మరుసటి వారం మంచం కింద పాత చీర ఒక్కటే కనిపించింది, హార్మోనియం లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన గదిలోంచి కూనిరాగం వినపడితే, పెరటి వైపు కిటికీ పట్టుకుని చూశాను. మామ బీరువా అద్దానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు, హార్మోనియం ముందుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల కూడా దువ్వుకున్నాడు. ఎవరింటికైనా పాట వినిపించడానికి వెళ్లేటప్పుడు అలాగే తయారయ్యేవాడు.

"బగారన్నం ముందు నా గొంతెంత, బొక్కల కూర ముందు నా తాళమెంత" అని ఎత్తుకున్నాడు. మసాలా అన్నం, ఎముకల కూర వాసనకు జనం లేచిపోతే, ఖాళీ కుర్చీలకు దండం పెట్టి పాడే పాటగాడి కథ అది. చివరిదాకా విన్నది ఎంగిలాకుల కోసం వచ్చిన కుక్క ఒక్కటేనట. నేను నోరు మూసుకుని నవ్వుతున్నాను. ఇంతలో ఆ పాటగాణ్ణి పనికిమాలినోడా అని పిలిచే చరణం వచ్చింది. మామ ఆగాడు. అవ్వనూ దర్జీనీ అడిగినంత మర్యాదగా అద్దంలోని మనిషిని అడిగాడు.

"అన్నా, గీ మాట ఉంచాల్నా, తీసేయాల్నా?"

అద్దం ఏమంటుందోనని నేనూ చెవి ఒగ్గాను. చాలాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి మామ తల ఊపి, "నొస్తది గదా. తీసేద్దాం" అన్నాడు. ఆ మాట లేకుండా పాట మళ్లీ మొదటి నుంచి పాడాడు. కుక్కను మాత్రం ఉంచాడు.

బహదూర్‌పల్లి పెళ్లికి ఆయన వెళ్లాడు, మమ్మల్నీ తీసుకెళ్లాడు. పాట మధ్యలో కొందరు భోజనాలకు లేస్తే, "పోండ్రి పోండ్రి, నాకో బొక్క దాచుండ్రి" అని అదే రాగంలో అన్నాడు. లేచినవాళ్లు నవ్వుతూ మళ్లీ కూర్చున్నారు. మర్నాడు ఆయన అరుగు మీద కాళ్లు చాపుకుని, "ఇయ్యాల నేను జనం. మీరే ఏమన్న చెప్పుండ్రి" అన్నాడు. అవ్వ తన కోళ్ల దొంగతనాలు చెప్పింది, ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ప్రతి ప్రోగ్రాం మర్నాడూ మా ఇంట్లో అదే పద్ధతి. ఆ రోజు ఆయన్ని ఎవరూ జోకు అడిగేవారు కాదు.

ఇప్పుడు నాకొక పాప. దాని ఒళ్లు కాస్త వెచ్చబడినా, రెండు ముద్దలు తక్కువ తిన్నా, నా మీద నేను కట్టుకునే తిట్ల పాటకు అంతుండదు. అది పడుకున్నాక ఒక్కోసారి అద్దం ముందుకు వెళ్తాను. జడ సగం ఊడి, భుజం మీద పాలమరకతో ఒక ఆవిడ కనిపిస్తుంది. ఒక్కో మాటా ఆమెకు వినిపించి, ఉంచాలా తీసేయాలా అని అడుగుతాను. కొన్నింటికి ఆమె ఒప్పుకుంటుంది, జ్వరం మందు టైముకు వెయ్యలేదంటే నిజమే అంటుంది. పనికిరాని తల్లి అన్న మాటను మాత్రం ఇంతవరకు ఒక్కసారి కూడా ఉంచమనలేదు.