ఐదో తరగతి పైడితో బొబ్బిలి శిక్షణకు

నేను విజయనగరంలో ఉపాధ్యాయ శిక్షణ కోర్సు చదువుతున్నాను. సొంతూరు శ్రీకాకుళం. రెండో ఏడాదిలో మమ్మల్ని కొన్నాళ్ళపాటు పల్లె బడులకు పంపుతారు. నాకు పడిన బడి గజపతినగరం దాటాక, మెయిన్‌ రోడ్డు దిగి ఆటోలో పావుగంట లోపలికి వెళ్తే వస్తుంది. ఐదు తరగతులు, రెండు గదులు, ఒక వరండా, ఒకే ఒక్క మాస్టారు. మొదటిరోజు వరండాలో రెండో తరగతికి ఎవరో గట్టిగా పాఠం చెబుతుంటే, ఫర్వాలేదు, ఇంకో టీచరు కూడా ఉన్నారనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ టీచరు రెండు జడలు వేసుకుని ఉంది, నా భుజం దాకా కూడా లేదు. పేరు పైడితల్లి. చదివేది ఐదో తరగతి. అందరూ పైడి అంటారు, రెండో తరగతి పిల్లలు మాత్రం సిన్న టీచరంటారు.

పైడి మూడో తరగతిలో ఉండగానే ఐదో తరగతి లెక్కలు చేసేసిందట. ఆమెకు ఇంకేం చెప్పాలో తోచక, చెప్పే తీరికా లేక, మాస్టారు రెండో తరగతిని ఆమెకే అప్పగించారు. ఊరు మురిసిపోయింది, ఆమె అంతకన్నా మురిసిపోయింది. అప్పటినుంచీ అదే ఏర్పాటు నడుస్తోంది. నేనున్న ఇన్ని రోజుల్లో ఆ పిల్ల తన పుస్తకం తెరిచి కొత్త పేజీ చదవడం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట మెల్లగా అంటే మాస్టారు కోప్పడలేదు. "ఐదు తరగతులమ్మా, నాకున్నది ఒక నోరు. పైడి నేకపోతే రెండో తరగతి గాల్లో ఎగురుతాది" అన్నారు.

ఆ వారంలోనే బొబ్బిలి శిక్షణ కబురు వచ్చింది. ప్రతిభ ఉన్న పిల్లలకు బడిలో ఎలా తోడుండాలో టీచర్లకు ఒకరోజు చెబుతారట. ప్రతి టీచరూ ఒక పిల్లనో పిల్లాడినో వెంట తీసుకురావాలి. ఎంపికైన పిల్లలకు ఈ ఏడాదంతా నెలకో శనివారం బొబ్బిలిలో ప్రత్యేక తరగతి ఉంటుంది. దానికి ఒక షరతు ఉంది. రోజూ మధ్యాహ్నం పూట ఆ పిల్లను పూర్తిగా తన చదువుకే వదిలేస్తానని టీచరు ఒప్పుకోవాలి. మాస్టారు ప్రయాణానికి సరే అన్నారు, పైడినే తీసుకెళ్దామన్నారు, నన్ను కూడా రమ్మన్నారు. షరతు గురించి మాత్రం నోరు విప్పలేదు. ఆరాటం అన్న మాటను నేను ఇన్నాళ్ళూ పుస్తకాల్లో చదివి దాటిపోయాను. మాస్టారు షరతుకి ఒప్పుకుంటారో లేదోనని ఆలోచిస్తూ ప్రయాణం ముందురోజంతా గడిపాక అదేమిటో తెలిసింది. ఇలాంటి శిక్షణలకు వెళ్ళే టీచర్లకూ, నాలాంటి విద్యార్థులకూ పనికొస్తుందని దారి వివరాలతో సహా రాస్తున్నాను.

ఆరున్నరకల్లా విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో సాలూరు బస్సెక్కాను. గజపతినగరం గంటలోపే. బొబ్బిలికి నేరుగా వెళ్ళే బస్సులు కూడా ఉన్నాయి గానీ నేను దారిలో దిగి మాస్టారినీ పైడినీ కలుపుకోవాలి. వాళ్ళు నాకన్నా ముందే వచ్చి జంక్షన్లో టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఆ రోజుకి బడి చూసుకోవడానికి పక్క ఊరి నుంచి ఒక టీచరు వచ్చారు. రెండో తరగతిని ఆయన సరిగా చూస్తారో లేదోనని పైడి బెంగ. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుంది, జడలకు కొత్త రిబ్బన్లు కట్టుకుంది. బొబ్బిలి బస్సు రాగానే మాకంటే ముందు ఎక్కి, మూడు సీట్లు పట్టుకుని, మమ్మల్ని లైనులో ఎక్కమంది.

ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు చేతిలో ఉంచుకుంటే చాలు, సున్నా టికెట్టు ఇస్తారు. మాస్టారికి మాత్రం యాభైకి కొంచెం అటూ ఇటూ అయింది. కండక్టరు పైడిని చూసి బడి రోజున ఎక్కడికి పోతున్నావని అడిగాడు.

"బొబ్బిలండి. ట్రైనింగుకి."

"నీకా ట్రైనింగు?"

"మా మాస్టారికి. నాను తీసుకెల్తన్నాను."

కండక్టరు మాస్టారి వైపు తిరిగి, "అయితే మీకు అర టికెట్టు కొట్టీమంటారేటి మాస్టారూ?" అన్నాడు. ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. మాస్టారూ నవ్వారు. ఆయన ముఖంలో ఎంత గర్వముందో చూసి నాకు భయమేసింది. ఇంత గర్వపడే మనిషి ఆ పిల్లను ఎలా వదులుకుంటారు?

రామభద్రపురం దాకా దారికి రెండు వైపులా వరి పసుపెక్కి ఉంది. గుంటల్లో నార కోసం నానేసిన గోగు కట్టల వాసన కిటికీలోంచి వచ్చి పోతూ ఉంది. రామభద్రపురంలో కూరగాయల బుట్టలూ, సాలూరు వైపు మళ్ళే లారీలూ రోడ్డుని పట్టేశాయి. బస్సు చాలాసేపు కదల్లేదు. నేను గడియారం చూసుకుంటూ కూర్చుంటే పైడి నాకు పాఠం మొదలుపెట్టింది. బొబ్బిలి దేనికి పేరు పొందిందో చెప్పమంది. వీణలకి అన్నాను. "గుడ్. కూకోండి" అంది. నేను కూర్చునే ఉన్నాను. అలా దారి పొడవునా ఆమె అడిగింది, నేను చెప్పాను. ఒక్క ప్రశ్న కూడా తనకు తెలియక ఆమె అడగలేదు, సరిగా చెప్పానో లేదో మాత్రం చూసుకుంది. అప్పుడు నాకది ఆటలాగే తోచింది.

తొమ్మిది దాటాక బొబ్బిలిలో దిగాం. కాంప్లెక్సు దగ్గర టిఫిన్లు వేడిగా దొరుకుతాయి, ఇడ్లీ ముప్ఫై రూపాయలు. శిక్షణ జరిగే హైస్కూలు అక్కడినుంచి ఆటోలో పది నిమిషాలు.

విశాఖ నుంచి వచ్చిన శిక్షకురాలు నెమ్మదిగా మాట్లాడే మనిషి. తెలివైన పిల్లలు క్లాసులో ముందుకు పరిగెడుతున్నారని మనం అనుకుంటామనీ, నిజానికి చాలామంది పని ముగించేసి ఎక్కడివాళ్ళక్కడ నిలబడి ఉంటారనీ చెప్పింది. ఒక టీచరు లేచి, వెనకబడినవాళ్ళని లాక్కురావడానికే పొద్దు చాలడం లేదని గట్టిగానే అన్నాడు. చాలామంది తలలూపారు. తర్వాత, మీ బడిలో అలాంటి పిల్లకి మీరేం చేస్తున్నారో చెప్పండని ఆవిడ అడిగితే, మా మాస్టారు చెయ్యెత్తి పైడి సంగతి చెప్పారు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక శిక్షకురాలు ఒక్కటే అడిగింది, ఆ పిల్ల ఎప్పుడు నేర్చుకుంటుందని.

"సెప్తే వస్తాది గదండి. సెప్పినోళ్ళకే ఎక్కువ వస్తాది" అన్నారు మాస్టారు.

ఆవిడ కాదనలేదు. మధ్యాహ్నం చూద్దామంది.

భోజనాల దగ్గర అన్నం, పప్పు, వంకాయ కూర, గుడ్డు. పైడి తన కంచం పక్కన పెట్టి, బాల్చీ దగ్గర నిలబడి పిల్లల్ని వరసలో నిలబెట్టింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు కూడా ఆమె మాట విన్నారు. వడ్డించే ఆవిడ నాతో, "ఓలమ్మ, ఈ గుంట ఎవులమ్మా, నాకే పని సెప్తన్నాది. ముందు దీనికి తిండెట్టండి" అంది. అందరూ తిన్నాకే పైడి తింది. అప్పటికి కూర అయిపోయింది.

మధ్యాహ్నం పిల్లల్ని హాల్లో బెంచీల మీద కూర్చోబెట్టి, మమ్మల్ని వెనక నిలబడి చూడమన్నారు. ఒక్కొక్కరికీ సంత బొమ్మ ఒకటి, తెల్ల కాగితం ఒకటి ఇచ్చారు. బొమ్మ చూసి ఎన్ని ప్రశ్నలు తోస్తే అన్ని రాయాలి. జవాబులు రాయక్కర్లేదు. ఒక కుర్రాడు, లారీ డ్రైవరుకి నిద్దరొస్తే లారీలోని కోడిపుంజులు ఏం చేస్తాయని రాశాడు. ఒక అమ్మాయి, చేపలమ్మే ఆవిడ ఇక్కడుంటే వాళ్ళింట్లో ఎవరు వండుతున్నారని రాసింది. పైడి అందరికన్నా ముందు ముగించింది. కాగితం అందంగా ఉంది, మార్జిన్ గీసి ఉంది. సంత అనగానేమి, రెండు మార్కులు. సంతలో లభించు వస్తువులు ఏవేని నాలుగు రాయుము, నాలుగు మార్కులు. సంత వలన కలుగు లాభములేవి, ఐదు మార్కులు. కింద మొత్తం మార్కులు కూడా వేసింది. ఆ తర్వాత లేచి, పక్క బెంచీ పిల్లల కాగితాలు దిద్దడం మొదలుపెట్టింది. టీచర్లంతా పగలబడి నవ్వారు. ఎవరో మా మాస్టారి భుజం తట్టారు.

శిక్షకురాలు నవ్వలేదు. పైడిని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, వీటిలో నీకు జవాబు తెలియనిది ఏదని అడిగింది.

"ఒక్కటీ నేదండి."

"తెలియనిది ఒకటి రాస్తావా మరి?"

పైడికి అర్థం కాలేదు. "తెలీకుండా ఎలగ అడుగుతారండి? పిల్లలు సెప్పింది తప్పో ఒప్పో ఎలగ సూస్తారు?" అంది. ఎగతాళి ఏమీ లేదు, నిజంగానే అడిగింది.

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ ఇంకో తెల్ల కాగితం ఇచ్చి, తొందరేమీ లేదని చెప్పి లేచింది. మిగతా పిల్లలు రాసి, బొమ్మలు కూడా వేసి, బయట ఆడుకోవడానికి వెళ్ళిపోయారు. పైడి పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చుంది. ఏమీ రాయలేదు. బెంచీ కింద ఆమె కాలు ఒకటే ఊగుతూ ఉంది. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన ఆ కాలునే చూస్తున్నారు.

చివర్లో పేర్లు చదివారు. అందులో పైడి పేరు ఉంది. కాగితం ఖాళీగా ఉన్నా ఎందుకు తీసుకున్నారని మాస్టారు అడిగితే, తెలియని దాని ముందు అంతసేపు లేవకుండా కూర్చున్న పిల్ల ఆమె ఒక్కతేనని శిక్షకురాలు అంది. షరతు సంగతి మాత్రం మాస్టారు సోమవారం ఫోన్ చేసి చెబుతానన్నారు.

తిరుగు ప్రయాణానికి బొబ్బిలి స్టేషన్లో ప్యాసింజరు రైలు. టికెట్టు ఇరవై లోపే. ఐదింటికి రావాల్సింది, ఎప్పుడొస్తుందో కౌంటర్లో కూడా సరిగా చెప్పలేదు. పైడి బెంచీ మీద కూర్చుంది. మాస్టారు ప్లాట్‌ఫాం ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తూనే ఉన్నారు. నేను కూర్చోలేకా నిలబడలేకా వేరుశనగకాయలు కొని ఎవరికీ పెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నాను. షరతు సంగతి అడగాలని ఉంది, అడిగితే కాదంటారేమోనని భయం. చివరికి ఆయనే వచ్చి పైడి పక్కన కూర్చున్నారు.

"ఒసే పైడీ. సోమారం నుంచి మజ్జాన్నం పూట రెండో తరగతి వద్దు నీకు. నీ సోట్లో నువ్ కూకో."

ఆ మాట కోసం నేను ఎన్ని రోజులనుంచో ఎదురుచూస్తున్నాను. పైడి ముఖం చూశాక నా సంతోషం సగంలో ఆగిపోయింది.

"నానేటి తప్పు సేసినాను మాస్టారూ?"

"తప్పేటీ నేదే."

"కాయితం రాయనేదనా? ఇంటికెల్లి రాసీస్తాను."

మాస్టారు జేబులోంచి రుమాలు తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారుతున్నాయి. నేను చేతిలోని వేరుశనగకాయలు ఆమె ఒళ్ళో పెట్టాను. రైలు వచ్చింది.

పెట్టె సగం ఖాళీ. పైడి కిటికీ పక్కన కూర్చుని చీకటి పడుతున్న పొలాలు చూస్తూ ఉంది. డొంకినవలస దాటాక, అటే చూస్తూ అడిగింది.

"మరి మజ్జాన్నం రెండో తరగతి ఆలకి ఎవులు సెప్తారు?"

మాస్టారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఈ నెలాఖరుతో ఆ బడిలో నా పని అయిపోతుంది, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"నాకు తెల్దే పైడీ" అన్నారాయన.

పైడి కిటికీ వదిలి ఇటు తిరిగింది. ఆ మాట ఆయన నోట వినడం ఆమెకు అదే మొదటిసారి అయ్యుండాలి.

"నిజంగా తెల్దా?"

"నిజంగానే తెల్దు."

కాసేపు ఆయన ముఖంలోకే చూసింది. జవాబు దాచి పరీక్ష పెడుతున్నారేమోనని వెతికినట్టుంది. తర్వాత చెంపలు తుడుచుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని, ఆయనకి ఎదురుగా సర్దుకుని కూర్చుంది.

"అయితే ఆలోసిద్దుము" అంది.

రెండో తరగతినీ మూడో తరగతినీ కలిపితే ఎలా ఉంటుందని మాస్టారు అన్నారు. మూడో తరగతి పిల్లలు చిన్నవాళ్ళని కొడతారని పైడి అంది. గజపతినగరం వచ్చేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ళక్కడ దిగి ప్లాట్‌ఫాం మీద నడుస్తున్నా ఆ వాదన తెగలేదు. అదే రైల్లో విజయనగరం వెళ్ళే నాకు చెయ్యి ఊపడం కూడా మరిచిపోయారు.

సోమవారం మాస్టారు ఫోన్ చేసి ఒప్పుకున్నారు. ఇంతా చేసి అంతా చక్కబడిందని రాయలేను. రెండో తరగతి ఇప్పుడు మూడో తరగతితో కలిసి వరండాలో గోల చేస్తోంది. గోల పెరిగినప్పుడల్లా పైడి సగం లేస్తుంది, మాస్టారు చూడగానే కూర్చుంటుంది. మధ్యాహ్నమంతా ఒక్కోసారి ఏమీ చెయ్యకుండా గడిపేస్తుంది. నాకు తోచక ఏదో ఒక లెక్క ఇవ్వబోతే మాస్టారే ఆపారు. తెలివైన పిల్లకి ఏం ఇవ్వాలో ఆ రోజు చాలా చెప్పారు. ఆమెకు ఇష్టమైనది ఒకటి వెనక్కి తీసుకోవాల్సి వస్తే అది ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. బహుశా చెప్పగలిగింది కాదేమో. నేను టీచరునయ్యాక నాకూ ఒక బడి, ఒక వరండా వస్తాయి. చెప్పినది టకటకా పట్టేసే పిల్ల ఒకతె వస్తుంది. ఆమెకు పని అప్పగించి ఊపిరి పీల్చుకోవాలని నాకూ అనిపిస్తుంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. పిల్లని తీసుకుని బొబ్బిలి వెళ్తే పొద్దున్న బస్సే ఎక్కండి, వేళకి చేరతారు. సాయంత్రం మాత్రం ఆలస్యమైనా ప్యాసింజరులోనే రండి. ఆ పిల్లతో మాట్లాడాల్సినవి తప్పకుండా ఉంటాయి, బస్సులో ఎదురెదురుగా కూర్చునే వీలు ఉండదు.