చాయ్‌తోటి వేస్కునే గోలీ

మగ్గాల పనికి వలసొచ్చిన సచిన్ ఊర్ల బస్సెక్కి ఇంటికి ఫోన్ చేసి, మంచిగున్న అని చెప్పిన. ఫోన్ పెట్టేసి జేబులకెళ్లి నొప్పి గోలీ తీసిన. నోట్లె వేస్కోబోతుంటే పక్కసీటు పెద్దామె నా చెయ్యి పట్టుకున్నది.

"మంచిగుంటే గోలీ ఎందుకు, తమ్మీ?" అని తెలుగుల అడిగింది.

"నడుం నొప్పక్కా. మగ్గాల కాడ అందరం చాయ్‌తోటి వేస్కుంటం. ఇప్పుడు గోడాదరా స్టాప్‌ల దిగి డాక్టర్ కాడ సూది వేయించుకుంట."

"మందులేమన్న వాడుతున్నవా అని డాక్టర్ అడిగితే?"

"లేదని చెప్త. గిది మందేంది?"

ఆమె నవ్వలేదు. తను నర్సునని చెప్పింది. "సూదిల ఉండేది గూడ గసొంటి మందే. రెండూ కలిస్తే కడుపుల పుండైతది, కిడ్నీలు ఖరాబైతయి. కడుపుల మంట ఉన్నదా? దొడ్డికి నల్లగ వస్తున్నదా?"

వారం సంది నల్లగనే వస్తున్నది. రూంల పదిమందిమి ఉంటం గని, గిది ఎవరికి చెప్తం? ఆమెకు చెప్పిన.

ఆమె గోలీని బస్ టికెట్‌ల చుట్టి నా అంగీ జేబుల పెట్టింది. "గిది చూపించు. నాకు చెప్పింది ఆయనకు గూడ చెప్పు" అన్నది. తన స్టాప్ రాంగనే దిగిపోయింది.

చెప్పిన. డాక్టర్ నింపిన సూదిని పక్కకు పెట్టి, నన్ను పెద్ద దవాఖానకు పంపిండు. కడుపుల పుండున్నదని అక్కడ తేలింది.

పుండు మానింది. నడుం ఇంకా నొస్తనే ఉంటది. బస్సులకెళ్లి ఇంటికి ఫోన్ చేస్తే ఇప్పటికీ మంచిగున్ననే అంట. గట్ల అంటనే పక్కసీటు దిక్కు చూస్త, అబద్ధమని పట్టుకునేటోళ్లు ఎవరన్న కూసున్నరేమోనని.