మంచు ఊళ్ళో మకాం

మా బావకి చలి అంటే ఇష్టమని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మాట అనేది పైవాళ్ళు కాదు, సొంత భార్య, ఇద్దరు కూతుళ్ళు. అంటే మా అక్కా, దాని పిల్లలూ. పాపం, వాళ్ళ తప్పేం లేదు. అలా నమ్మబలికింది ఆయనే.

ఆయన కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు. గడ్డకట్టిన చేపల పెట్టెలు లోపల పేర్చాలి, లారీ వస్తే బయటికి లాగాలి, తాళ్ళు బిగించాలి. మందపాటి చేతి తొడుగులు ఇస్తారు కానీ వాటితో తాడు ముడి పడదు. అందుకని అక్కడ అందరూ తొడుగులు విప్పి చంకలో ఇరికించుకుని వట్టి చేతులతోనే ముడులేస్తారు. బయటికొచ్చాక అరచేతులు చంకల్లో దూర్చుకుని గోడకి ఆనుకుని నిలబడతారు. నొప్పి అని ఎవరూ అనరు. అన్నవాణ్ణి మర్నాటినుంచి పనిలోకి రావద్దంటారు.

ఇంటికొచ్చి ఆ చేతుల్నే ఆటగా మార్చాడు మా బావ. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "ఐసుగడ్డ వచ్చేసిందోయ్!" అని అరిచి పిల్లల చెంపల మీద చేతులు పెట్టేవాడు. ఇక కెవ్వుమని కేకలూ, గదుల నిండా పరుగులూ. "నీకు చలెయ్యదా నాన్నా?" అని చిన్నది అడిగితే, "చలా? నాకా? చలే నన్ను చూసి స్వెట్టరేసుకుంటుంది!" అనేవాడు. పిల్లలు బెంగపెట్టుకుంటారని ఆడిన అబద్ధం అది. వాళ్ళు కాలేజీలు దాటి ఉద్యోగాలకొచ్చారు, అబద్ధం మాత్రం ఆ ఇంట్లో చెక్కుచెదరలేదు.

నేను ఒక క్లినిక్కులో టోకెన్లిచ్చే బల్ల దగ్గర కూర్చుంటాను. మొన్నామధ్య టోకెన్ కోసం చాచిన చెయ్యి చూసి తలెత్తితే, ఎదురుగా మా బావ. నన్ను చూసి దొంగలా నవ్వాడు. వెంటపడి లోపలికెళ్ళాను. డాక్టరమ్మ ఆయన్ని కళ్ళు మూసుకోమని, కుడిచేతి వేళ్ళని సూదితో గుచ్చింది. మూడో వేలు కూడా అయ్యాక, "ఇంకా మొదలెట్టలేదా అమ్మా?" అన్నాడాయన.

"సెలవు దొరుకుతుందా?" అంది డాక్టరమ్మ.

"చలికాలం సెలవులకి పిల్లలు ఫారిన్ తీసుకెళ్తామంటున్నారండీ."

"వేడి ఊరికి వెళ్ళండి, ఎండలో కూర్చోండి. ఈ వేళ్ళకి ఇంకోసారి గట్టిగా చలి తగిలితే తీసెయ్యాల్సి వస్తుంది."

మెట్లు దిగుతూ నాచేత మా అక్క మీద ఒట్టేయించుకున్నాడు. "ఊరు నేను మారుస్తాలే మరదలా. వేళ్ళ సంగతి తెలిస్తే మీ అక్క నన్ను పనిలోకి పోనివ్వదు. నాకింకేం పని చేతనవును చెప్పు?" నా బుద్ధి గడ్డి తిని ఒట్టు వేశాను.

ఆ ఆదివారం మకాం ఎక్కడో తేల్చడానికి అందరం భోజనాల బల్ల చుట్టూ చేరాం. ప్రయాణంలో నేనూ ఉన్నాను. పెద్దది ఫోనులో రెండు ఊళ్ళు చూపించింది. ఒకటి సముద్రం ఒడ్డున, చలికాలంలోనూ ఎండ కాసే ఊరు. రెండోది కొండమీద, మోకాలి లోతు మంచు. ఏదో ఒకచోట గదులు తీసుకుని చుట్టుపక్కల తిరిగి రావాలి.

"సముద్రమే బాగుందర్రా," అన్నాడు బావ, ఏమీ ఎరగనట్టు. "మీ అమ్మ మోకాళ్ళతో కొండలెందుకు?"

"నా మోకాళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి! కొండ అనుకున్నదే మీకోసమండీ," అంది అక్క.

ఉండబట్టలేకపోయాను. ఒట్టు బావ వేళ్ళ గురించే కదా, నా ఒంటి గురించి కాదు కదా! "నాకు చలి పడదు తల్లీ, సముద్రానికే పోదాం," అన్నాను.

"ఓస్, అంతేనా పిన్నీ! గదిలో హీటరుంటుంది. నువ్వూ అమ్మా దాని పక్కన కూర్చోండి, మేం నాన్నతో మంచులో తిరుగుతాం," అంది పెద్దది. ఆయన్ని కాపాడబోయి ఉన్న హీటరు కూడా లాగేసుకున్నాను. నా అంత తెలివైనది ఇంకొకతి ఉంటుందా!

చిన్నది సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఉన్ని తొడుగులు, తలా ఒక జత. బావకి లేవు. "ఐసుగడ్డకి తొడుగులేంటి?" అని నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఒట్టూ లేదు గిట్టూ లేదనుకుని, "అది కాదే, మీ నాన్న..." అని మొదలుపెట్టాను. బల్ల కింద బావ నా కాలు తొక్కాడు. ఇంతలో పెద్దది అందుకుంది.

"ఒక్క మాట పిన్నీ. చిన్నప్పటినుంచీ ఆ చలిలో నాన్న ఒక్కడే. మమ్మల్ని ఒక్కరోజూ లోపలికి తీసుకెళ్ళలేదు. అంత పెద్ద తలుపు మూసేస్తే లోపల నాన్న ఎవరితో మాట్లాడతాడా అని బెంగగా ఉండేది నాకు. ఒక్కసారి ఆ చలిలో నాన్న పక్కన నిలబడాలని ఉంది. అంతే." అది కళ్ళు తుడుచుకుంది.

చెప్పు, ఇప్పుడైనా చెప్పి చావు అని కళ్ళతోనే మొత్తుకున్నాను. ఆయన నావైపు చూడలేదు. నిజం చెబితే కూతురు ఇన్నేళ్ళూ పడ్డ బెంగ నిజమైపోతుంది. చెప్పకపోతే వేళ్ళు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన బల్ల మీది తొడుగుల్ని ఒక్కొక్కటే జతచేసి చిన్నదాని వైపు తోశాడు.

"అయితే మకాం కొండమీదే," అన్నాడు. "పిచ్చితల్లీ, ఆమాత్రం దానికి ఏడుపెందుకే?"

చిన్నది అప్పటికే ఫోనందుకుని గదులు ఖాయం చేసేస్తోంది. బావ లేచి వెళ్ళి, పాతరోజుల్లోలాగే రెండు చేతులూ పెద్దదాని చెంపల మీద పెట్టాడు. అది కెవ్వుమని అరిచి, ఏడుస్తూనే నవ్వింది.

"బాబోయ్ నాన్నా, ఎంత చల్లగా ఉన్నాయో! మరి నా చెంపలెలా ఉన్నాయి?"

"వెచ్చగా ఉన్నాయమ్మా," అన్నాడు.

సూది గుచ్చినా తెలియని ఆ మూడు వేళ్ళూ దాని చెంప మీదే ఉన్నాయి.